మనిషి బదిలీ అగును, పని నిలువవలెను

(తెలుగు సాంస్కృతిక సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ సాయంకాలము మీ యెదుట నాలుగు మాటలు చెప్పుమని సంఘమువారు నన్ను ఆదేశించినారు. వారు నాకు ఇచ్చిన విషయము, సంస్థలు తాము తలపెట్టిన పనులను ఎట్లు ఏర్పరచుకొనవలెను, ఎట్లు నడుపవలెను, ఎట్లు కనిపెట్టి యుండవలెను అనునది. పగలంతయు ఫైళ్ళ నడుమ గడిపి వచ్చినవారి యెదుట మరల ఒక ఫైలు తెరచినట్లుగా ఇది యుండునని నాకు తెలియును. పైగా నా తరువాత పిల్లల నృత్యమును, నాటికయు ఉన్నవి. కావున శాస్త్రమును కొంత తగ్గించి, మనము నివసించుచున్న ఈ సూరత్ నగరములోనే జరిగిన ఒక కార్యమును ఉదాహరణముగా తీసుకొని మాట్లాడెదను.

ముందుగా ప్రాజెక్టు అనగా ఏమి? "ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు ఊరకే అనలేదు. కచేరీ భాషలో ఈ రెండును ప్రాజెక్టులే. ఇంటిలో నిత్యము జరుగు వంట ప్రాజెక్టు కాదు, పెండ్లివంట ప్రాజెక్టు. నిత్యకృత్యము నిన్న ఉన్నది, రేపును ఉండును. ప్రాజెక్టునకు ఒక ఆరంభము గలదు, ముహూర్తమను గడువు గలదు, ఇంతకు మించరాదని కట్టుకొన్న ఖర్చు గలదు, పదిమంది చేతులు కలియవలసిన అవసరము గలదు. పెండ్లిపనులలో ఆరితేరిన పెద్ద ముత్తైదువ ఒకరు ప్రతి కుటుంబములోను ఉందురు. ఆమె ఏ కళాశాలలోను నిర్వహణశాస్త్రము చదువలేదు. అయినను రాత్రి భోజనములైన పిమ్మట అందరిని కూర్చుండబెట్టి ఆమె అడుగు ప్రశ్నలు మూడు. ఈ పని ఎవరికి అప్పగించినారు? ఎన్నటికి పూర్తి యగును? ఇప్పటికి ఎంతవరకు వచ్చినది? ఈ మూడు ప్రశ్నలకును సూటిగా సమాధానము చెప్పగల సంస్థ పని చేయగల సంస్థ. చెప్పలేని సంస్థకు ఎంత ధనమున్నను, ఎందరు సిబ్బంది యున్నను పని సాగదు.

ఆ ముత్తైదువకు మరియొక సంగతియు తెలియును. ముహూర్తము నిశ్చయము కానిదే శుభలేఖలు అచ్చునకు పోవు. అచ్చు కానిదే పంచుట లేదు. అవి అందనిదే దూరపు బంధువులు రైలు టిక్కెట్లు కొనలేరు. ఈ వరుసలో ఎక్కడ నాలుగు దినములు జారినను చివర నాలుగు దినములు జారును. కూరగాయల కొనుగోలు అట్లు కాదు. ముందునాడు జరిగినను చాలును. ఏ పనులు ఆలస్యమైనచో మొత్తము ఆలస్యమగునో ఆ వరుసను వేరుగా గుర్తించి, దానిపై కన్ను వేసి యుండుటనే నిర్వహణశాస్త్రజ్ఞులు "క్రిటికల్ పాత్" పద్ధతి అనుచున్నారు. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీవారు 1957 ప్రాంతమున దీనిని రూపొందించినారు. 1958లో ఆ దేశపు నౌకాదళమువారు పొలారిస్ క్షిపణి నిర్మాణము కొరకు "పెర్ట్" అను పద్ధతిని ఇట్టి ఆలోచనపైననే ఏర్పరచుకొన్నారు. అంతకు దశాబ్దములకు ముందే హెన్రీ గాంట్ అను అమెరికను ఇంజనీరు, ఏ పని ఏ తేదీన మొదలై ఏ తేదీకి ముగియునో గీతలతో చూపు పటమును ప్రచారములోనికి తెచ్చినాడు. నేడు మన కంప్యూటరు తెరలమీద కనిపించు రంగురంగుల పటములు ఆ గాంట్ పటమునకు మనుమలును, మునిమనుమలును.

పటములు గొప్పవే. కాని పటము గోడమీద నుండును, పని వీధిలో నుండును. ఈ రెంటికిని నడుమ నున్న దూరమును ఎవరు నడచి చూతురు అనునదియే అసలు ప్రశ్న. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అర్థశాస్త్రములో కౌటిల్యుడు, అధికారులందరును ఆషాఢమాసమున ముద్రలు వేసిన లెక్కపుస్తకములతోను, మిగులు ధనముతోను లెక్కల కచేరీకి రావలెనని విధించినాడు. మరి మన సూరత్ సంగతి చూడుడు. ఈస్టిండియా కంపెనీవారు 1611లో మన మచిలీపట్టణమునను, 1613లో ఈ సూరత్‌లోను తమ వర్తకస్థానములను నెలకొల్పినారు. సూరత్‌లో ఆ కంపెనీ అధ్యక్షుడును, అతని సలహామండలియు కూర్చుండి చేసిన నిర్ణయములను పుస్తకములలోనికి ఎక్కించి, వాని ప్రతులను ఓడలపై లండనునకు పంపెడివారు. ఓడ చేరుటకే నెలల తరబడి కాలము పట్టెడిది. అక్కడివారు చదివి, తప్పుపట్టి, ఉత్తరము వ్రాసి పంపునాటికి ఇక్కడ జరుగవలసినదంతయు జరిగిపోయెడిది.

సంవత్సరమునకు ఒకసారి అడుగు లెక్క తప్పు ఎవరిదో తేల్చుటకు పనికివచ్చును. తప్పును దిద్దుకొనుటకు పనికిరాదు. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లని మన సామెత. పని యెంత వేగముగ చెడగలదో లెక్క అంత వేగముగ అందవలెను. వంతెన కట్టువారికి వారమునకు ఒకసారి లెక్క సరిపోవచ్చును. రోగముతో పోరాడువారికి ఒక్క దినము కూడ ఎక్కువయే. ఈ మాట ఎందుకు అనుచున్నానో సూరత్ కథ వినిన పిమ్మట మీకే తెలియును.

ఈ నగరమున ప్రవహించు నది పేరు తాపీ. మన భాషలో తాపీగా అనగా తొందరలేక, నెమ్మదిగా అని అర్థము. నది తాపీగా ప్రవహించినంతకాలము అందరికిని సుఖమే. 1994 సెప్టెంబరు మాసమున అది అట్లు ప్రవహింపలేదు. భారీ వర్షములు కురిసి, వరద నీరు పల్లపు బస్తీలలోనికి వచ్చినది. నీరు తీసిన పిమ్మట బురదయు, చెత్తయు, చచ్చిన పశువుల కళేబరములును మిగిలినవి. ఆ మాసపు మూడవ వారమున ఊపిరితిత్తులకు సోకు ప్లేగు బయటపడినది. ప్లేగు అను పేరు వినగానే నగరమునకు గుండె జారినది. మరణములు పదుల సంఖ్యలోనే యున్నను, భయము లక్షల సంఖ్యలో నున్నది. కొద్ది దినములలో లక్షలాది జనము రైళ్ళలోను, బస్సులలోను, లారీలలోను ఊరు విడిచిపోయినారు. టెట్రాసైక్లిన్ మాత్రలు మందుల దుకాణములలో దొరకుట దుర్లభమైనది. కొన్ని దేశములు భారతదేశమునకు విమానములను ఆపివేసినవి. మన సరకులను దిగుమతి చేసుకొనుటకు వెనుదీసినవి. ఒక్క నగరమున చెత్త ఎత్తకపోవుటకు దేశమంతయు వెల చెల్లించినది.

ఆ పోయినవారిలో మన తెలుగువారును ఉన్నారు. తెలంగాణ జిల్లాలనుండి వచ్చిన పద్మశాలి నేత కుటుంబములు లింబాయత్ మొదలగు ప్రాంతములలో తరతరములుగా నివసించుచున్నవి. ఇచ్చటి పురపాలక విద్యాసమితివారు తెలుగు మాధ్యమమున కూడ ప్రాథమిక పాఠశాలలు నడుపుచున్నారనిన, మనవారి సంఖ్య ఎంతటిదో ఊహింపవచ్చును. మగ్గము ఆగిన దినమున నేతగానికి కూలి లేదు. ఊరు విడిచినవానికి పనియును లేదు, ఉన్నవానికి ధైర్యమును లేదు. కార్యనిర్వహణము అను పెద్దమాట ఒక నేతగాని పూటకూటిని ఎట్లు తాకునో ఆ సెప్టెంబరు మాసము చూపినది.

ఇచ్చట ఒక సంగతి ఆలోచింపవలెను. ఆనాటికి నగరమునకు మునిసిపల్ కార్పొరేషను లేదా? ఉన్నది, 1966లోనే ఏర్పడినది. చట్టము లేదా? ఉన్నది. ధనము లేదా? వస్త్రవ్యాపారమునకును, వజ్రముల పనికిని పేరుపడిన నగరము. ఆ దినములలో ఆక్ట్రాయి పన్ను రూపమున చెప్పుకోదగిన ఆదాయము వచ్చెడిది. సిబ్బంది లేరా? వేలమంది ఉన్నారు. మరి లేనిది ఏది? ఒకే వీధిలో చెత్త ఒక శాఖది, కాలువ మరియొక శాఖది, కాలువమీది ఆక్రమణ వేరొక శాఖది. కాలువ నిండినదని ఒకరు, చెత్త తీయనిదే కాలువ పారదని ఇంకొకరు, ఆక్రమణ తొలగనిదే చెత్తబండి రాదని వేరొకరు వ్రాసుకొనుచుండగా, కాగితము మూడు బల్లలు తిరుగును. మురుగు మాత్రము ఉన్నచోటనే యుండును. పదిమంది చేతిలో పడిన పాము చావదు. ఆ ముత్తైదువ అడిగిన మొదటి ప్రశ్నకే, ఈ పని ఎవరిది అను ప్రశ్నకే, ఆ వీధిలో సమాధానము లేకపోయినది.

1995 మే మాసమున శ్రీ సూర్యదేవర రామచంద్రరావుగారు సూరత్ మునిసిపల్ కమిషనరుగా వచ్చినారు. ఎస్.ఆర్.రావు అను పేరుతో గుజరాతు అంతటను ఆయన ప్రసిద్ధులు. ఇంటిపేరు వినగానే ఆయన మనవారని మీకు తెలిసియే యుండును. ఆయన చేసిన పనిని పొగడుట నా ఉద్దేశము కాదు. దాని కూర్పును విప్పి చూచుట నా ఉద్దేశము. ఆ కూర్పులో మూడు భాగములున్నవి.

మొదటిది ఏర్పాటు. నగరమును ఆరు మండలములుగా విభజించి, ప్రతి మండలమునకు ఒక అధికారిని కమిషనరుగా నియమించినారు. ఆ మండలములోని చెత్త, కాలువ, రోడ్డు, దీపము, ఆక్రమణ అన్నియు ఆ ఒక్కరి బాధ్యత. బాధ్యతను క్రిందికి పంపి అధికారమును పైననే ఉంచుకొనుట మన కచేరీలలో ఎల్లరును ఎరిగిన వ్యాధి. అట్లు చేయక, ఖర్చు మంజూరు చేయుటకును, సిబ్బందిని నడుపుటకును తనకు గల అధికారములలో చాల భాగమును వారికి ఒప్పగించినారు. చెత్తకుప్ప ఎదుట నిలిచిన అధికారి దానిని తీయించుటకు పై కచేరీ అనుమతికై ఎదురుచూడవలసిన పని లేకపోయినది. బాధ్యతయు, అధికారమును ఒకే చేతిలో నుండిన గాని ఆ చేయి కదలదు. వేరువేరు శాఖలుగా నడచుచుండిన పారిశుధ్యమును, ఇంజనీరింగును కలిసి పనిచేయునట్లు చేసినది ఈ ఏర్పాటే.

రెండవది నడక. "ఏసీ నుండి డీసీకి" అను చమత్కారమైన మాట ఆ దినములలో పుట్టినది. ఎయిర్‌కండిషన్ గదినుండి దినదిన విధులలోనికి దిగవలెనని దాని భావము. ఉన్నతాధికారులు ప్రతి ఉదయము వీధులలోనికి పోయి తీరవలెనని నియమము చేసినారు. కమిషనరు తానును పోయినారు. అధికారి వీధికి వచ్చుటవలన రెండు మేలులు కలిగినవి. నివేదికలో వ్రాసినదియు కంటికి కనబడునదియు ఒకటియో కాదో అప్పటికప్పుడే తేలిపోయినది. అంతకుమించి, ఎన్నడును పలుకరింపబడని పారిశుధ్య కార్మికునికి తన పని చూచువారు ఒకరున్నారను నమ్మకము కలిగినది. పెద్ద రోడ్లను రాత్రివేళ జనసంచారము తగ్గిన పిమ్మట గీకి, ఊడ్చి శుభ్రము చేయు పద్ధతి సాగినది. పగలు ఊడ్చినచో దుమ్ము లేచును, బండ్లు అడ్డమగును; రాత్రి ఊడ్చినచో తెల్లవారునప్పటికి నగరము ముఖము కడిగికొన్నట్లుండును. అనుమతిలేని కట్టడముల తొలగింపునకు పేరుగల వారిని, పలుకుబడి గల వారిని ముందుగా ఎన్నుకొన్నారు. చట్టము బలవంతుని గుమ్మమునుండి ఆరంభమైనదని చూచిన సామాన్యుడు దానిని తనకును వర్తించునదిగా ఒప్పుకొనును. బలహీనుని గుమ్మమునుండి ఆరంభమైనచో దానిని దౌర్జన్యమనును.

మూడవది లెక్క. ఉదయము వీధిలో చూచినది ఆ దినమే సమావేశములో చర్చకు వచ్చెడిది. మండలాధికారులందరును కూడి, ఎవరికి ఏ యడ్డంకి కలిగినదో చెప్పుకొని, అక్కడికక్కడే నిర్ణయము చేసికొనెడివారు. ఒక మండలమున పనికివచ్చిన ఉపాయము మరునాటికి తక్కిన ఐదింటికి తెలిసెడిది. పౌరుల ఫిర్యాదులకు తీరవలసిన గడువు నియమించినారు. ఏ ఫిర్యాదు ఎంతకాలము నిలిచియున్నదో చూచుట ఆరంభమైనది. అన్నిటికంటె ముఖ్యమైనది రోగముల లెక్క. ఆసుపత్రులనుండియు, వైద్యులనుండియు జ్వరములు, విరేచనములు మొదలగువాని వివరములు తెప్పించుకొని, ఏ పేటలో పెరుగుచున్నవో కనిపెట్టి, అచ్చటికి మనుషులను పంపు పద్ధతి స్థిరపడినది.

ఈ చివరి సంగతిని మీరు కొంచెము నిలిచి చూడవలెనని నా మనవి. ఎన్ని వీధులు ఊడ్చితిమి, ఎన్ని బండ్ల చెత్త ఎత్తితిమి అనునది మన శ్రమకు లెక్క. ఎందరికి జ్వరము తగ్గినది అనునది మన ప్రయోజనమునకు లెక్క. శ్రమను మాత్రమే లెక్కించు సంస్థ తన చెమటను చూచి తానే మురిసిపోవును. పాఠశాలలో ఎన్ని గంటలు మ్రోగినవని లెక్కించి, పిల్లవానికి చదువు వచ్చినదా అని అడుగకపోవుట వంటిదే యిది. ప్రాజెక్టును కనిపెట్టి యుండుట యనగా, ఎందుకొరకు దానిని తలపెట్టితిమో ఆ యుద్దేశము నెరవేరుచున్నదా అని కనిపెట్టుట.

ఫలితము మీరెరిగినదే. రెండేండ్లు తిరుగకముందే, మురికికి మారుపేరుగా ప్రపంచపత్రికల కెక్కిన నగరమును, చండీగఢ్ తరువాత దేశమున రెండవ పరిశుభ్రనగరముగా ఇన్‌టాక్ సంస్థవారు పేర్కొన్నారు. 1998లో రావుగారికి భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదము ఇచ్చినది. ఇంతటి మార్పులో చట్టము మారలేదు. సిబ్బంది మారలేదు; నిన్నటివరకు ఎవరిని చూచి జనము మొగము త్రిప్పుకొన్నారో ఆ చీపురు పట్టిన మనుషులే నగరమును నిలబెట్టినారు. మారినది పని వారికి అప్పగింపబడిన తీరు.

ఇదంతయు నొప్పిలేకుండ జరిగినదని చెప్పుట సత్యము కాదు. కట్టడములు తొలగించినప్పుడు కొందరి బ్రతుకుతెరువు దెబ్బతినును. కఠినముగా నడచు సంస్థ దయగా కూడ నడువవలెనన్నచో, తొలగింపబడినవానికి మరియొక చోటు చూపు పని కూడ ప్రాజెక్టు పట్టికలో మొదటినుండియు ఉండవలెను. అది తరువాత చూతమనుకొన్న పని అయినచో, ఆ తరువాత ఎన్నటికిని రాదు. అట్లే దినదినము సమీక్ష జరుపుట భయపెట్టుటగా మారినచో క్రిందివారు అడ్డంకిని చెప్పుట మాని, అంతయు బాగుగనే యున్నదని చెప్పుట నేర్చుకొందురు. చెడువార్త తెచ్చినవానిని కూర్చుండబెట్టి వినగల అధికారికే నిజమైన లెక్క అందును.

ఇక అసలు పరీక్షకు వత్తము. 1997లో రావుగారు సూరత్ విడిచి బదిలీపై వెళ్ళినారు. మనమందరము బదిలీలు ఎరిగినవారమే. ఒక సమర్థుడు వచ్చును, ఊరు మారును, అతడు వెళ్ళును, ఆరు నెలలలో ఊరు మరల మొదటికి వచ్చును. ఇది దేశమంతట చూచినదే. మరి సూరత్ అట్లు ఎందుకు కాలేదు?

2006 ఆగస్టులో తాపీ మరల పొంగినది. 1972లో కట్టిన ఉకాయి ఆనకట్టనుండి సుమారు తొమ్మిది లక్షల క్యూసెక్కుల నీరు విడువవలసి వచ్చినది. నగరములో అధికభాగము నీట మునిగినది. 1994 నాటి వరదకంటె ఇది పెద్దది. బురద మేటలు వేసినది; ఆస్తి నష్టము అపారము; ప్రాణనష్టమును కలిగినది. అయినను మరల ప్లేగు రాలేదు. ఊరు ఊరంతయు రోగభయముతో పారిపోలేదు. మండలములు ఉన్నవి, ఎవరి వీధి ఎవరిదో వారికి తెలియును, రోగముల లెక్క తీయు అలవాటు ఉన్నది. ఇతర నగరములనుండి సాయమునకు వచ్చిన పారిశుధ్య సిబ్బందికి ఎచ్చట పనిచేయవలెనో చెప్పగల వ్యవస్థ ఇచ్చట సిద్ధముగ నున్నది. అప్పటికి రావుగారు వెళ్ళి తొమ్మిదేండ్లు అయినది.

నగరము మాత్రము నిలిచియుండలేదు. 1991 జనాభా లెక్కలలో సుమారు పదునైదు లక్షలు. 2011 నాటికి నలువదినాలుగు లక్షలు దాటినది. 2006లో కార్పొరేషను వైశాల్యము సుమారు 112 చదరపు కిలోమీటర్లనుండి 326 చదరపు కిలోమీటర్లకు పెరిగినది. మూడింతలైన ఇంటిని అదే చీపురుతో ఊడ్చుట ఎంత కష్టమో గృహిణులను అడుగుడు. అయినను స్వచ్ఛ సర్వేక్షణ్ పోటీలలో సూరత్ 2020, 2021, 2022 సంవత్సరములలో వరుసగా రెండవ స్థానము పొందినది. 2023 సంవత్సరపు పోటీలో ఇందోరుతో కలిసి ప్రథమస్థానమున నిలిచినది. ఆ బహుమతి 2024 జనవరిలో ప్రదానము చేసినారు. ఒక కమిషనరు నాటిన పద్ధతిని తరువాత వచ్చిన కమిషనర్లు పెరికివేయక నీరు పోసినారు. నాటినవానికి ఎంత కీర్తి చెందునో, నీరు పోసినవారికి అంత చెందవలెను. వారి పేర్లు మనకు అంతగా తెలియవు. అదియును వ్యవస్థ నిలిచినదనుటకు ఒక గుర్తే.

"ఆరంభశూరులు ఆంధ్రులు" అను మాటను మనము ఎంతకాలమునుండియో వినుచున్నాము. ఒక తెలుగువాడు గుజరాతులో ఆరంభించిన పని, ఆయన వెళ్ళి పాతికేండ్లు దాటిన పిమ్మట కూడ సాగుచున్నదన్నచో ఆ నిందకు ఇంతకు మించిన సమాధానము వలదు. అయితే ఆ సమాధానములో గుజరాతీ సోదరుల పాలు, ఒడిశా, మహారాష్ట్ర, ఉత్తరాదినుండి వచ్చిన శ్రామికుల పాలు కూడ ఉన్నదని మరువరాదు.

ఇంతవరకు గడువు, లెక్క, బాధ్యత అని చెప్పుచు వచ్చితిని. దీనికి రెండవ ప్రక్కయు ఒకటి గలదు. అది కూడ మన చేరువనే యున్నది. కాక్రాపార్ అణువిద్యుత్ కేంద్రములో మొదటి రెండు యూనిట్లు ఒక్కొక్కటి 220 మెగావాట్లవి. 1993లోను, 1995లోను వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించినవి. మూడవది, నాల్గవది 700 మెగావాట్లవి; మన దేశములోనే రూపుదిద్దుకొన్న ఆ పరిమాణపు భారజల రియాక్టర్లలో ఇవియే మొదటివి. 2010 నవంబరులో కాంక్రీటు పని ఆరంభమైనప్పుడు 2015 నాటికి పూర్తియగునని అంచనా. మూడవ యూనిట్ 2020 జులైలో క్రిటికాలిటీ పొంది, 2023 జూనులో వాణిజ్య ఉత్పత్తికి వచ్చినది. నాల్గవది 2024 మార్చిలో వచ్చినది. గడువు ఏండ్ల తరబడి జారినది కదా యని తప్పుపట్టుట సులభము. కాని క్రొత్తగా చేయు పనిలో అంచనా యనునది జాతకము వంటిది కాదు. తెలిసినంతమట్టుకు వేసిన లెక్క. అణువిద్యుత్తు వంటి పనిలో తేదీ కొరకు ఒక పరీక్షను వదలివేయుట ఎవరును కోరరాదు.

ఇందుకే ఆలస్యములను రెండు విధములుగా విడదీసి చూడవలెను. కాగితము బల్లమీద పడియున్నందువలన కలిగిన ఆలస్యము ఒకటి. పని తనకు కావలసిన కాలము తీసికొన్నందువలన కలిగినది రెండవది. మొదటిదానిని క్షమింపరాదు; రెండవదానిని దాచరాదు. ఏది ఏదియో తేల్చి చెప్పలేని లెక్క ఎంత చక్కని అక్షరములతో వ్రాసినను లెక్క కాదు.

తుదకు మన సంఘము మాట. మనలో ఆదాయపు పన్ను శాఖవారున్నారు, కస్టమ్సువారున్నారు, తపాలావారున్నారు, రైల్వేవారున్నారు. మూడేండ్లకో, నాలుగేండ్లకో బదిలీ ఉత్తరువు వచ్చును. సామాను కట్టుకొని పోవలసినదే. ఇట్టి సంఘములు ఎచ్చటనైనను ఒకే విధముగ అంతరించును. ఉత్సాహవంతుడైన కార్యదర్శి ఒకరుండును. ఉగాది ఆయనయే, సంక్రాంతి ఆయనయే, పిల్లలకు తెలుగు చెప్పు ఆదివారపు తరగతి ఆయనయే. ఆయనకు బదిలీ అగును. హాలు ఎవరిని అడిగి తీసికొనవలెనో, చందాదారుల జాబితా ఎక్కడ నున్నదో, పిల్లలు ఏ పాఠము వరకు చదివినారో ఎవరికిని తెలియదు. మరుసటి ఉగాదికి పచ్చడి ఎవరి యింట వారే చేసికొందురు. పిల్లలు మాత్రము అచ్చులు నేర్చి హల్లులకు రాకముందే ఆగిపోవుదురు. ఇందులో ఎవరి దోషమును లేదు. కాని నష్టము పిల్లలది.

కావున నాదొక చిన్న మనవి. సంఘము చేయు ప్రతి పనికి ఒక్కరి పేరు వ్రాయుడు. కమిటీ అని వ్రాయవలదు. మనిషి పేరు వ్రాయుడు. ఆ పేరు ఎదుట తేదీ వ్రాయుడు. ఆయనకు హాలు అద్దెకు, టీ ఖర్చునకు అధ్యక్షులను అడుగకనే ఖర్చుపెట్టు అధికారము కొంత ఇండు. పదునైదు దినములకు ఒకమారు అరగంట కూర్చుండి ఎంతవరకు వచ్చినదని అడుగుడు. తప్పు ఎవరిదని అడుగవలదు, అడ్డంకి ఏదియని అడుగుడు. ఆదివారపు తరగతికి ఎందరు పిల్లలు వచ్చినారని మాత్రమే గాక, అమ్మమ్మకు సొంతముగా తెలుగులో ఉత్తరము వ్రాయగల పిల్లలు ఎందరైనారని లెక్కించుడు. అన్నిటికంటె ముఖ్యముగా ఒక పుస్తకము పెట్టుడు. హాలు సంగతి, చందాల సంగతి, నాటకపు తెరలు ఎవరి యింట నున్నవో ఆ సంగతి, పిల్లల పాఠముల సంగతి అన్నియు అందులో ఉండవలెను. పెండ్లిలో చివర అప్పగింతలు ఉన్నట్లే బదిలీకి ముందు ఈ పుస్తకపు అప్పగింత జరుగవలెను. ఉద్యోగములో ఛార్జి అప్పగింపక కదలలేము కదా! మన భాష పట్ల ఆ మాత్రపు శ్రద్ధ చాలును.

పని ఆరంభింపనే ఆరంభింపనివారు ఒక తరగతి, ఆటంకము రాగానే విడిచిపెట్టువారు ఒక తరగతి, ఎన్ని ఆటంకములు వచ్చినను తుదముట్టించువారు మూడవ తరగతి అని భర్తృహరి మనుషులను విభజించినాడు. సూరత్ కథ చూచిన పిమ్మట నాలుగవ తరగతి కూడ ఒకటి గలదని నాకు తోచుచున్నది. తాము లేనప్పుడు కూడ పని సాగునట్లు ఏర్పరచి పోవువారు ఆ తరగతివారు. మన సంఘములో అట్టివారు పెరుగుదురు గాక యని కోరుచున్నాను.